కెంపు కోపం: ఒక ఎర్ర ఆడగుర్రం కేసు

కెంపుకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఒళ్లంతా కాల్చిన ఇటుక రంగు, జూలూ తోకా కూడా అదే ఎరుపు, నుదుట చిన్న తెల్ల మచ్చ. బరువు 480 కిలోలు. యజమానురాలు నాకు ఫోన్ చేసి ముందుగా అన్న మాట ఇది: "డాక్టర్ గారూ, మాది చెస్ట్‌నట్ మేర్. ఇక మీకు చెప్పేదేముంది."

నేనూ చెప్పేదేమీ లేదనే అనుకున్నాను. అలా అనుకున్నందుకు రెండు నెలలకు పైగా పోయాయి. ఆ రెండు నెలలూ నొప్పి పడింది నేను కాదు, గుర్రం.

గుర్రాలతో తిరిగేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. చెస్ట్‌నట్, అంటే ఇలాంటి ఎర్ర రంగు గుర్రం, తలబిరుసుదని పేరు, అందులోనూ ఆడదైతే (మేర్) ముట్టుకుంటే మంట. లాయంలో ఎర్ర ఆడగుర్రం చెవులు వెనక్కి వాల్చిందంటే "ఎర్రది కదా" అని నవ్వేసి పోతారు. అదే పని పక్క కొట్టంలో గెల్డింగ్ (వృషణాలు తీసేసిన మగగుర్రం) చేస్తే "దీనికేమైందో చూడండి" అని కబురు పెడతారు.

ముందు కథ క్లుప్తంగా చెబుతాను. ఆరేళ్ల వయసులో కొన్నారు. మొదటి ఏడాది బానే ఉంది. "చురుకు, కానీ చెడ్డది కాదు" అని ఆవిడ మాట. తర్వాత ఇంకో లాయానికి మార్చారు. అక్కడ మేత మైదానం చిన్నది, సాయంత్రం కాసేపు తప్ప రోజంతా కొట్టంలోనే. పోటీలకు తయారు చేస్తున్నారు కాబట్టి దాణా పెంచారు, ఎండుగడ్డి తగ్గింది. ఇవన్నీ ఆవిడ చెప్పింది, నేనూ రాసుకున్నాను. కానీ చిరునామా మారితే రాసుకున్నట్టు రాసుకున్నాను.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఒక్కొక్కటే మొదలయ్యాయి. జీను పట్టీ బిగించబోతే కరవడం. బ్రష్ పొట్ట దగ్గరికి వస్తే వెనక కాలు లేపడం. ఎక్కాక కదలనని మొండికేయడం, కదిలితే ఒక్కసారిగా ఎగిరి దూకడం. ఆవిడ రెండుసార్లు కింద పడింది, రెండోసారి మణికట్టు విరిగింది. ముగ్గురు శిక్షకులు మారారు. ఒకాయన "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని సామెత చెప్పి, గట్టి కళ్లెమూ కొరడా రాసిచ్చాడు. ఒక నెల పనిచేసింది. నొప్పి కంటే భయం ఎక్కువగా ఉన్నన్నాళ్లు ఏదైనా పనిచేస్తుంది. ఆఖరాయన అమ్మేయమన్నాడు.

మొదటి రోజు

నేను వెళ్లింది ఉదయం ఏడింటికి. గుర్రాలను చూసుకునే సైస్ పెద్దాయన, ఆ లాయంలో చాలా ఏళ్లుగా ఉన్నాడు. జీను వేసినంతసేపూ కెంపు కదలకుండా నిలబడింది. అవతలి వైపు వేలాడుతున్న పట్టీని పొట్ట కిందుగా అందుకోవడానికి ఆయన వంగాడు. ఇంకా చెయ్యి తగల్లేదు. పక్కటెముకల మీద చర్మం ఒక్కసారి అలలా వణికింది. ముక్కుపుటాలు బిగిశాయి. కంటి పైన ముడత పడింది. పెదవులు బిగుసుకుని గడ్డం గట్టిగా ముద్ద కట్టింది. అప్పుడు పట్టీ తగిలింది. మెడ గిర్రున తిరిగి, ఆయన భుజానికి బెత్తెడు దూరంలో పళ్లు టక్కుమని మూసుకున్నాయి.

ఆయనకి అలవాటే. ఒక అడుగు పక్కకి జరిగి, "ఏంటి తల్లీ, పొద్దున్నే మొదలుపెట్టావా" అన్నాడు. నా వైపు తిరిగి, "సాయంత్రం పూట ఇంత గొడవ చెయ్యదు సార్" అన్నాడు.

ఆ మాట నేను రాసుకోలేదు. ఆ రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. గుండె వేగం నిమిషానికి 40, ఊపిరి 14, ఉష్ణోగ్రత 37.8 డిగ్రీలు, పళ్లు బాగున్నాయి, నడకలో కుంటు లేదు. అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క వాక్యం తప్ప.

గుర్రం ముఖంలో నొప్పిని చదవడానికి 2014లో ఒక కొలమానం వచ్చింది. బిగుసుకుని వెనక్కి తిరిగిన చెవులు, కుంచించుకున్న కన్ను, కంటి పైన బిగువు, ఉబ్బిన దవడ కండరాలు, బిగిసిన నోరు, బిగిసిన ముక్కుపుటాలు. ఆరు గుర్తులు. నేను దాన్ని విద్యార్థులకు చెప్పే మనిషిని. ఆ ఆరింటిలో సగం ఆ ఉదయం నా ఎదుటే కనిపించాయి. ఆ కొలమానాన్ని తయారుచేసింది గెల్డింగ్ ఆపరేషన్ అయిన మగగుర్రాలను గమనించి. వాటి ముఖంలో ఉంటే నొప్పి అని గుర్తుపట్టాం. కెంపు ముఖంలో నాకు కనిపించింది పొగరు.

తప్పు దారి

ఆడగుర్రం, చిరాకు అనగానే మా చెయ్యి అండాశయాల మీదికి పోతుంది. కారణం లేకపోలేదు. పగలు పొడుగ్గా ఉండే నెలల్లో ఆడగుర్రం దాదాపు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది, ఐదు నుంచి ఏడు రోజులు ఎదలో ఉంటుంది. కొన్నిటికి ఆ రోజుల్లో పని మీద ధ్యాస ఉండదు, నడుం దగ్గర తాకనివ్వవు. అండాశయంలో గ్రాన్యులోసా కణాల గడ్డ ఉంటే ఆడగుర్రం మగగుర్రంలా మీదికి రావడమూ ఉంది. కాబట్టి స్కాన్ చేశాను. రెండు అండాశయాలూ మామూలు సైజులోనే ఉన్నాయి. ఎడమవైపు 38 మిల్లీమీటర్ల ఫాలికల్ (అండం పెరిగే తిత్తి) ఉంది, త్వరలో అండం విడుదలవుతుందన్న మాట. అలాంటి గడ్డ ఉంటే రక్తంలో పెరిగే ఏఎంహెచ్ హార్మోను మామూలుగానే ఉంది. గడ్డ లేదు.

అక్కడ ఆగి ఇంకో వైపు చూడాల్సింది. నేను మాత్రం "ఎద చిరాకే" అని తేల్చేసి, ఎదను ఆపే ఆల్ట్రెనోజెస్ట్ మొదలుపెట్టాను, కిలో బరువుకి 0.044 మిల్లీగ్రాముల చొప్పున రోజూ నోటి ద్వారా. (ఈ మందు మనిషి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గర్భిణులు అసలు ముట్టుకోకూడదు, మిగతావాళ్లు గ్లవ్స్ లేకుండా పట్టుకోకూడదు. లాయాల్లో ఈ జాగ్రత్త పాటించేవాళ్లు తక్కువ, అందుకని చెబుతున్నాను.)

మూడు వారాల్లో కెంపు కాస్త నెమ్మదించింది. కొట్టంలో పచార్లు తగ్గాయి, పక్క గుర్రాలను చూసి సకిలించడం తగ్గింది. ఆవిడ సంతోషించింది, నేను అంతకన్నా ఎక్కువ. పట్టీ దగ్గర కరవడం మాత్రం ఇసుమంత తగ్గలేదు. మందు అసలు పనిచేయకపోయి ఉంటే అప్పుడే ఆలోచనలో పడేవాణ్ణి. సగం బాగుపడేసరికి "ఇంకొన్నాళ్లు వాడదాం" అన్నాను.

ఆరో వారంలో ఆవిడ ఒక నోట్‌బుక్ చూపించింది. కెంపు గొడవ చేసిన రోజులన్నీ తేదీలతో సహా రాసి ఉన్నాయి. మంచిగా ఉన్న రోజు ఒక్కటీ లేదు. చెడ్డ రోజులే రాసుకుంటే ఏ అనుమానానికైనా రుజువు దొరుకుతుంది, ఆవిడకి ఎద దొరికింది, నాకూ అదే దొరికింది. మందు ఆపేసి కొత్త పుస్తకం పెట్టించాను. మంచైనా చెడైనా రోజూ రాయాలి: పట్టీ బిగించినప్పుడు 0 నుంచి 5 వరకు మార్కు (గొడవ ఎంత ఎక్కువైతే మార్కు అంత ఎక్కువ), సవారీకి ఇంకో మార్కు, ఏ టైముకి ఎక్కారు, అంతకుముందు చివరిసారి గడ్డి ఎప్పుడు తింది, ఎద గుర్తులున్నాయా. రాసే పని సైస్‌కి అప్పగించాం, రోజూ ఉండేది ఆయనే కాబట్టి.

నాలుగు వారాలకి పుస్తకం తిరగేశాను. మధ్యలో ఎద ఒకసారి వచ్చి ఆరు రోజులు ఉంది. ఆ ఆరు రోజుల మార్కులకీ మిగతా రోజుల మార్కులకీ తేడా లేదు. తేడా ఉన్నది టైములో. ఉదయం సవారీలకి పట్టీ మార్కు 4, 5. సాయంత్రం మైదానం నుంచి వచ్చాక జీను వేస్తే 1, 2. పక్క గడిలో కారణం కూడా పెద్దాయన దస్తూరీలోనే ఉంది: రాత్రి గడ్డి 8 గంటలకి, ఉదయం సవారీ 7 గంటలకి. మధ్యలో పదకొండు గంటలు.

ఆయన మొదటి రోజే చెప్పాడు.

కడుపులో

మన కడుపులో తిండి వచ్చినప్పుడు యాసిడ్ పెరుగుతుంది. గుర్రానికి అలా కాదు, మేత ఉన్నా లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. వదిలేస్తే రోజులో పదహారు గంటల వరకు మేస్తూ ఉండే జంతువు కాబట్టి దానికి అది సరిపోయింది. ఆ యాసిడ్‌ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది, ఊరికే రాదు. కడుపు కింది సగానికి జిగురు పొర రక్షణ ఉంది, పై సగానికి లేదు. ఖాళీ కడుపుతో దౌడు తీయిస్తే పొట్ట కండరాలు నొక్కి కింది యాసిడ్ పైకి చిమ్ముతుంది. గడ్డికీ గడ్డికీ మధ్య ఆరు గంటలు దాటితే పుండ్ల ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. పిండి పదార్థం ఎక్కువున్న దాణా దాన్ని ఇంకా పెంచుతుంది. పోటీ గుర్రాల రోజువారీ పద్ధతి చూస్తే ఈ పుండ్లు తెప్పించడానికే రాసినట్టు ఉంటుంది.

పదహారు గంటలు మేత ఆపి, మత్తు ఇచ్చి, మూడు మీటర్ల ఎండోస్కోప్ ముక్కు గుండా దించాను. కడుపు పై సగం మామూలుగా లేత తెలుపు, కింది సగం ఎరుపు, రెంటికీ మధ్య మడతల అంచు ఒకటి గీత గీసినట్టు కనిపిస్తుంది. కెంపు కడుపులో ఆ గీత పొడుగునా పసుప్పచ్చని గుంటలు, కొన్నిటి అంచుల్లో నెత్తురు. 0 నుంచి 4 వరకు ఉన్న కొలతలో 3. కింది భాగంలో పేగులోకి దారి తీసే చోట ఇంకో రెండు ఎర్రటి మచ్చలు. గుర్రం తల పట్టుకుని నిలబడ్డ పెద్దాయన తెర వైపు చూసి, "ఇంత పుండు పెట్టుకుని మనిషిని మోసిందా" అన్నాడు. ఆవిడా నేనూ ఏమీ అనలేదు.

జీను కూడా అప్పుడే సరిగ్గా చూశాను. భుజం వెనక కండరం రెండు వైపులా పల్లం పడి ఉంది. జీను లోపలి చట్రం ఇరుకు. ఇరుకుగా ఉందని కింద మందపాటి మెత్త వేశారు, దాంతో ఇంకా ఇరుకైంది. పట్టీ ఎంత బిగిస్తే చట్రం అంత లోపలికి దిగుతోంది. పైన జీను నొక్కు, లోపల పుండు.

మందూ మేతా

యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ కిలోకి 4 మిల్లీగ్రాములు, అంటే దీని బరువుకి రోజుకి సుమారు 1,900 మిల్లీగ్రాములు, ఉదయం ఖాళీ కడుపున. గంట తర్వాత గడ్డి. కింది భాగం మచ్చల కోసం, పుండు మీద పొర కట్టే సుక్రాల్ఫేట్ రోజుకి రెండుసార్లు. నాలుగు వారాలు జీను లేదు, చేత్తో నడిపించడమే.

మందు రాయడం తేలిక, మేత మార్చడం దగ్గరే పంచాయితీ. దాణా మూడో వంతుకి తగ్గించమంటే శిక్షకుడికి నచ్చలేదు, "బలం ఎక్కడి నుంచి వస్తుంది" అన్నాడు. గడ్డి రోజుకి తొమ్మిది కిలోలు, సన్న కన్నాల వలలో వేసి రాత్రి పదికి ఒకసారి నింపమంటే ఆ టైముకి ఎవరుంటారని ఇంకొకళ్లు. చివరికి పెద్దాయనే ఆ పని తీసుకున్నాడు. సవారీ మొదలయ్యాక ఎక్కడానికి అరగంట ముందు రెండు గుప్పిళ్లు లూసర్న్ గడ్డి పెట్టాలని చెప్పాను. అందులోని కాల్షియం యాసిడ్‌ని కొంత ఆపుతుంది, నమిలిన గడ్డి కడుపులో తెట్టులా తేలి యాసిడ్‌ని పైకి చిమ్మనివ్వదు. ఒక ముసలి ఆడగుర్రాన్ని తోడిచ్చి రోజులో ఆరేడు గంటలు బయట వదిలారు.

28వ రోజు మళ్లీ స్కోప్ వేశాను. పై సగం నున్నగా మానింది. కింద ఒక మచ్చ మిగిలింది, అక్కడివి ఆలస్యంగానే మానుతాయి. ఇంకో నాలుగు వారాలకి అదీ పోయింది. చట్రం వెడల్పున్న జీను వచ్చింది.

అయినా పట్టీ చూస్తే కరవడానికే వచ్చింది.

ఇక్కడే చాలామంది "చూశారా, నొప్పి కాదు, బుద్ధే అంత" అంటారు. కెంపు ఏడాదిన్నరలో ఒక పాఠం నేర్చుకుంది: పళ్లు చూపిస్తే చెయ్యి వెనక్కి పోతుంది. మనం గుర్రానికి పగ్గం లాగి, మాట వినగానే వదిలి నేర్పుతాం. అదే పద్ధతిలో అది మనకి నేర్పింది. పుండు మానింది కదా అని పాఠం మర్చిపోదు.

కాబట్టి పాఠం మార్చాం. మొదటి వారం పట్టీ లేదు, జీను లేదు. పెద్దాయన కెంపు భుజాల పైన, జూలు మొదట్లో గోకుతాడు. గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునే చోటు అదే, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుంది. గోకుతూ రెండో చెయ్యి పొట్ట వైపు ఒక బెత్తెడు జరుపుతాడు. చర్మం వణికితే చెయ్యి అక్కడే ఆగాలి, వెనక్కి రాకూడదు, ముందుకీ పోకూడదు. చెవి మెత్తబడి పక్కకి వాలగానే చెయ్యి తీసేయాలి. అంటే చెయ్యి తీయించేది పళ్లు కాదు, చెవి. రెండో వారం గుడ్డ పట్టీ, మూడో వారం జీను. అసలు పట్టీ వచ్చాక ఒక కన్నం బిగించి పది అడుగులు నడక, ఇంకో కన్నం, మళ్లీ నడక. ఒకసారి తొందరలో ఆవిడ రెండు కన్నాలు ఒకేసారి లాగింది, నాలుగు రోజుల పని వెనక్కి పోయింది. మొత్తం ఏడు వారాలు పట్టింది.

రంగు సంగతి

మరి ఎరుపుకీ కోపానికీ సంబంధం లేదా? ఈ ప్రశ్న ఆవిడ మూడుసార్లు అడిగింది. చెస్ట్‌నట్ రంగుకి కారణం ఎంసీ1ఆర్ అనే జన్యువులో మార్పు. 1996లో స్వీడన్ పరిశోధకులు దాన్ని గుర్తించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ మారినవే వస్తే వెంట్రుకల్లో నల్ల వర్ణకం బదులు ఎర్ర వర్ణకం తయారవుతుంది. అందుకే ఎర్ర తల్లికీ ఎర్ర తండ్రికీ పుట్టేది ఎర్ర పిల్లే.

రంగుకీ ఒంటికీ ఎక్కడా ముడి లేదని మాత్రం అనను. మచ్చల అప్పలూసా గుర్రాల్లో ఆ మచ్చల జన్యువు రెండు కాపీలుంటే పుట్టుకతోనే రేచీకటి ఉంటుంది. చీకట్లో బెదిరే గుర్రాన్ని పిరికిది అంటే అన్యాయం కదా. ఎరుపు విషయంలో అలాంటిదేదీ రుజువు కాలేదు. 2016లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు యజమానులను అడిగి ఎర్ర గుర్రాలనూ ముదురు గోధుమ రంగు బే గుర్రాలనూ పోల్చారు. తెలిసినవైనా కొత్తవైనా, ఎర్రవి వస్తువుల దగ్గరికి, జంతువుల దగ్గరికి వెళ్లి చూడటం ఎక్కువని వచ్చింది. అది కోపం కాదు, చొరవ. అయినా యజమానుల జవాబుల మీద కట్టిన లెక్క కాబట్టి, వాళ్ల మనసులో ముందే ఉన్న మాట అందులోకి ఎంత వచ్చిందోనని నాకు అనుమానం. హాఫ్లింగర్ జాతి మొత్తం ఎరుపే, పొలం పనుల సఫోక్ పంచ్ జాతి మొత్తం ఎరుపే, రెంటికీ సాధు జాతులనే పేరు. అమెరికాలో పేరుమోసిన గుర్రప్పందెం కెంటకీ డర్బీని గెలిచిన మొదటి ఆడగుర్రం రిగ్రెట్, 1915లో. తర్వాత 1980లో జెన్యూయిన్ రిస్క్. రెండూ ఎర్రవే. గెలిచే గుర్రంలో ఉంటే దాన్ని రోషం అంటాం.

మిగిలిన కెంపు

నొప్పి పోయాక కెంపు గంగిగోవు అయిపోయిందనుకుంటే పొరపాటు. అది ఇప్పటికీ వేడి గుర్రమే. ఒంటి మీద ఈగ వాలినా తెలిసే చర్మం దానిది. వేరే గుర్రాన్ని మూడుసార్లు మడమతో తడితే గానీ కదలదు, దీనికి పిక్క ఆనితే చాలు. రౌతు భయపడి కాళ్లు బిగిస్తే అది పరిగెత్తమన్న మాటే అనుకుంటుంది. ఆవిడ రెండుసార్లు పడిన తీరు అడిగి తెలుసుకుంటే, రెండోది అలాంటిదే. పుండు మీద నెట్టేయలేం.

అందుకే ఆవిడ సవారీ నేర్చుకోవడం మళ్లీ మొదలుపెట్టింది. గట్టి కళ్లెం తీసేసి మెత్తనిది వేశారు. సామెత చెప్పిన శిక్షకుడు ఏమంటాడోనని ఆవిడకి టెన్షన్, నాకైతే ఆ సామెతలో తిరకాసు ఉందనిపిస్తుంది. గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంటే ముందు నాలుగో కాలు చూడాలి. కెంపుకి కావాల్సింది మెత్తని రౌతూ కాదు, గట్టి రౌతూ కాదు, రోజూ ఒకేలా ఉండే రౌతు. చిరాకుగా ఆఫీసు నుంచి వచ్చిన రోజు ఆవిడ ఎక్కదు, నడిపించి వదిలేస్తుంది. ఆ నియమం ఆవిడే పెట్టుకుంది.

అయిదో నెలలో ఒకసారి నేనున్నప్పుడే గాలికి పెద్ద ప్లాస్టిక్ పట్టా మైదానంలోకి ఎగిరొచ్చింది. మిగతా గుర్రాలు కంచె దాకా పరిగెత్తాయి. కెంపు కూడా ముందు ఎగిరి దూకి, బుసకొట్టి, తోక జెండాలా లేపి ఒక చుట్టు తిరిగింది. తర్వాత మెడ చాచి, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి పట్టాని ముందు కాలితో రెండుసార్లు గీరింది. పట్టా కదలకపోయేసరికి దాని మీద నిలబడింది.

తొమ్మిదో నెలలో తిరగబెట్టింది. పోటీకి వెళ్లి రావడం రెండు రోజులు, ట్రైలర్‌లో ఏడు గంటలు, రాత్రి గడ్డి వల ఖాళీ అయినా ఎవరూ నింపలేదు. తిరిగొచ్చిన మర్నాడు పట్టీ మార్కు 3. ఆవిడ గమనించకముందే పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. స్కోప్‌లో 1. రెండు వారాల మందుతో సర్దుకుంది. ఇప్పుడు ప్రయాణానికి ముందు, పోటీ నిబంధనలు చూసుకుని, కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున ఒమెప్రజోల్ ఇస్తున్నాం, ట్రైలర్‌లో గడ్డి వల రెండు కడుతున్నారు. ఎద రోజుల్లో కాస్త ధ్యాస తప్పుతుంది, అంతే. దానికి మందు వాడటం లేదు.

పద్నాలుగో నెల చూపుకి వెళ్లినప్పుడు పుస్తకం తీసి చూశాను. ఆ ఉదయం పేజీలో ఇలా ఉంది: "గడ్డి 6. లూసర్న్ 6.30. పట్టీ 7. మార్కు 1. కరవలేదు. నా తువ్వాలు లాక్కుని పోయింది."